ప్రకృతి చిత్రాల్లో కనిపించే నేల ఎవరిది? (వలసపాలన, కళాచరిత్ర మీద చర్చ)

పాతపటం

అందరికీ నమస్కారం. చిత్రకళ గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం గానీ ఈ విషయాన్ని విడిగా చర్చకు పెట్టాలని ఎప్పటినుంచో ఉంది. కళాచరిత్ర అంటే శైలులు, శతాబ్దాలు, గొప్ప చిత్రకారుల జీవితాలు అనే మనలో చాలామందికి తెలుసు. కొన్ని దశాబ్దాలుగా ఆ చదువు వేరే ప్రశ్నలు కూడా వేస్తోంది. బొమ్మలో ఉన్న నేల అప్పుడు ఎవరి ఏలుబడిలో ఉంది? అంతకుముందు అక్కడ ఎవరు బతికారు? ఆ రంగు, ఆ లోహం, ఆ రాయి ఎక్కడివి?

ఒక బొమ్మతో మొదలుపెడతాను. ఫ్రాన్స్ పోస్ట్ అనే ఆయన డచ్ చిత్రకారుడు. డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ ఈశాన్య బ్రెజిల్‌కు గవర్నరుగా పంపిన యోహాన్ మౌరిట్స్ వెంట వెళ్లి, 1637లో ఇటమారకా దీవి బొమ్మ వేశాడు. ఇప్పుడది హేగ్‌లో, ఆ గవర్నరు కట్టించుకున్న ఇంట్లోనే ఉన్న మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. బొమ్మలో ఎక్కువ భాగం ఆకాశమే. కింద నిలకడగా నీళ్లు, అవతల దీవి. ఇవతలి ఒడ్డున గుర్రాలతో ఇద్దరు యూరోపియన్లు, వాళ్ల పక్కన నల్లజాతి బానిసలు, ఒకరి నెత్తిన బుట్ట. ఎక్కడా అలజడి లేదు.

అదే 1637లో మౌరిట్స్ బ్రెజిల్ నుంచి పంపిన నౌకాదళం ఆఫ్రికా తీరంలోని ఎల్మినా కోటను పోర్చుగీసుల చేతుల్లోంచి లాక్కుంది. చెరకు తోటలకు, మిల్లులకు బానిసలు కావాలి. అందుకే ఆ దాడి. ఈ సంగతి తెలిశాక ఆ ప్రశాంతమైన నీళ్లను మీరు ఎలా చూస్తారు? నాకైతే నెత్తిన బుట్ట పెట్టుకున్న ఆ మనిషి మీంచి చూపు తిప్పుకోవడం కష్టంగా ఉంది.

---

కుంచె

పాతపటం గారూ, నేను బొమ్మలు వేసేవాణ్ని, కాబట్టి సూటిగానే చెబుతాను. ఇలాంటి చదువుతో నాకు పేచీ ఉంది. పోస్ట్ ఆకాశం వేసిన తీరు చూడండి. దిగంతరేఖను అంత కిందకి దించి పైన అంత ఖాళీ వదిలి, ఆ ఖాళీ బోసిగా కనబడకుండా నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. దాని గురించి ఒక్క మాట చెప్పకుండా ఎల్మినా కోటకు వెళ్లిపోతే ఇక బొమ్మ ఎందుకు? చరిత్ర పాఠం చదివితే సరిపోతుంది.

బొమ్మను బొమ్మగా చూడటం తప్పెలా అవుతుంది?

---

అన్వేషి

> దిగంతరేఖను అంత కిందకి దించి పైన అంత ఖాళీ వదిలి...

కుంచె గారూ, మీరు పట్టుకున్న ఆ కూర్పు దగ్గరే అసలు విషయం ఉంది. దిగంతరేఖ కింద ఉంటే మనుషులు చిన్నగా కనిపిస్తారు. చిన్నగా కనిపించే మనిషి ముఖం తెలియదు, అలసట తెలియదు. దేశం మాత్రం విశాలంగా, నెమ్మదిగా, ఎవరైనా వచ్చి ఉండవచ్చన్నట్టు కనిపిస్తుంది. హాలండ్‌లో తమ సొంత ఊళ్ల బొమ్మలు ఎలా వేసుకునేవారో సరిగ్గా అదే పద్ధతిలో పోస్ట్ బ్రెజిల్‌ను వేశాడు. చూసేవాళ్లకు అది పరాయి దేశంలా అనిపించదు.

ఇంకొకటి. 1644లో మౌరిట్స్‌తో పాటు పోస్ట్ కూడా వెనక్కి వచ్చేశాడు. 1654లో డచ్చివాళ్లు బ్రెజిల్ నుంచి పూర్తిగా వెళ్లిపోవలసి వచ్చింది. పోస్ట్ మాత్రం హార్లెంలో కూర్చుని ఇంకా ఏళ్లతరబడి బ్రెజిల్ బొమ్మలే వేశాడు, కొనేవాళ్లు కొన్నారు. ఆ తర్వాతి బొమ్మల్లో చెరకు మిల్లులు ఉంటాయి, ముందుభాగంలో వింత మొక్కలు, జంతువులు ఉంటాయి. చెరకు రసం కాచడానికి రాత్రింబవళ్లు పొయ్యిలు మండాలి. ఆ పొయ్యిల్లోకి, చెరకు పొలాల కిందకి తీరం వెంబడి ఉన్న అట్లాంటిక్ అడవి ఎంతో పోయింది. బొమ్మల్లో చెట్లు మాత్రం ఎప్పుడూ పచ్చగా, ఒత్తుగా ఉంటాయి.

---

వనజ_మేడమ్

మంచి చర్చ. నేను ఒకే ఒక్క బొమ్మ గురించి చెబుతాను. క్లాసులో ఈ బొమ్మ చూపించినప్పుడల్లా పిల్లలు చాలాసేపు మాట్లాడతారు.

అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ బీర్‌స్టాట్ 1865లో వేసిన, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. రెండు వైపులా గోడల్లా కొండలు, మధ్యలో బంగారు వెలుగు, కింద పచ్చిక బయలు, అక్కడక్కడ చెట్లు. మనిషన్నవాడు లేడు. సృష్టి మొదటి రోజు తెల్లారినట్టుంటుంది.

ఆ లోయ ఖాళీగా ఉన్నది కాదు, ఖాళీ చేయించినది. అక్కడ అవానీచీ ప్రజలు ఉండేవారు. 1851లో మారిపోసా బెటాలియన్ అనే దళం లోయలోకి దిగి వాళ్ల ఇళ్లు, దాచుకున్న తిండి తగలబెట్టి తరిమింది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ తీసిన పెద్ద పెద్ద ఫొటోలు తూర్పు నగరాలకు చేరి అందరినీ అబ్బురపరిచాయి. 1863లో బీర్‌స్టాట్ వచ్చాడు. 1864లో లోయను ప్రజల విహారం కోసం కాపాడాలని లింకన్ సంతకం చేశాడు. అంటే తరిమివేతకూ కాపాడటానికీ మధ్య పదమూడేళ్లు.

పిల్లల్ని నిజంగా ఆశ్చర్యపరిచేది పర్యావరణం వైపు నుంచి వచ్చే సంగతి. బొమ్మలో ఆ పచ్చిక బయలు ఉంది కదా, అది దానంతటదే ఏర్పడింది కాదు. అవానీచీలు కాలం చూసి చిన్న చిన్న మంటలు పెట్టి పొదలు పెరగకుండా చూసేవారు. సింధూర వృక్షాల గింజలు వాళ్లకు ముఖ్యమైన ఆహారం, ఆ చెట్లకు వెలుగు, ఖాళీ కావాలి. వాళ్లు వెళ్లిపోయి, మంటలు పెట్టడం ఆగిపోయాక దేవదారు జాతి చెట్లు బయలును కమ్ముకుంటూ వచ్చాయి. మనిషి చెయ్యి పడని ప్రకృతి అని అందరూ మెచ్చుకున్నది తరతరాల మనుషుల పని. చిత్రకారుడు ఆ పనిని చూశాడు, వేశాడు, దాన్ని చేసినవాళ్లను మాత్రం వెయ్యలేదు.

కుంచె గారూ, ఇది తెలిశాక ఆ బంగారు వెలుగు తగ్గదు. బయలు అంచున చెట్ల మధ్య దూరం ఎందుకు అలా ఉందో మాత్రం అర్థమవుతుంది. అది కూడా బొమ్మను బొమ్మగా చూడటమే కదా.

---

కుంచె

వనజ గారూ, చెట్ల మధ్య దూరం మాట నాకు బాగా తగిలింది. ఆ బొమ్మ ముద్రణ ప్రతి చాలాసార్లు చూశాను, ఆ దూరాన్ని కూర్పు కోసం పెట్టుకున్నాడనుకున్నాను.

అయినా ఒకటి అడుగుతాను. బీర్‌స్టాట్ వెళ్లేసరికి లోయలో ఆ బయలు అలాగే ఉంది. ఉన్నదాన్ని వేసినవాడి మీద నేరం మోపుతున్నామా?

---

అన్వేషి

నేరం మాట ఎవరూ అనలేదండీ. ఒక చిత్రకారుడి మనసులో ఏముందో తేల్చడం మన పని కాదు కూడా. ఆ బొమ్మలు బయటికి వెళ్లాక ఏం చేశాయన్నదే ప్రశ్న. ఖాళీ నేల బొమ్మ చూసి పెరిగిన తరం ఆ నేలను ఖాళీదనే నమ్ముతుంది.

మన దగ్గరకు వస్తే ఇంగ్లండు చిత్రకారులు థామస్ డేనియల్, విలియం డేనియల్ ఉన్నారు. 1786 నుంచి 1793 దాకా ఇండియాలో తిరిగి, 1795 - 1808 మధ్య 144 ముద్రణ చిత్రాలు తెచ్చారు. గుడులు, కోటలు, జలపాతాలు. కెమెరా ఆబ్స్క్యూరా (ఎదుటి దృశ్యాన్ని కాగితం మీద పడేలా చేసి గీసుకునే పెట్టె) వాడారు కాబట్టి కొలతలు నమ్మకంగా ఉంటాయి. కానీ ఎంచుకునే తీరు ఇంగ్లండు 'పిక్చరెస్క్' అభిరుచిది: పక్కన ఒక చెట్టు, మధ్యలో శిథిలం, దాని నీడలో ఊరకే నిలబడ్డ నలుగురు మనుషులు. అవి పూజలు జరిగే గుడులైనా సరే, పాతబడిపోయిన ఒక నాగరికత గుర్తుల్లా కనిపిస్తాయి. మైసూరు యుద్ధాలు జరుగుతున్న కాలమది!

---

శిలాక్షరం

ఇప్పటిదాకా కాగితం, గుడ్డ మీద బొమ్మల గురించే మాట్లాడారు. నేను రాయి గురించి రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అమరావతి స్తూపం. పల్నాటి సున్నపురాయి, తెల్లగా లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక ఫలకం ఉంది, రెండు వైపులా చెక్కినది. ఒక వైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు పని: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. బుద్ధుడు మనిషి రూపంలో లేడు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాతిని తిప్పి రెండో వైపు స్తూపాన్నే చెక్కారు: ప్రాకారం, సింహాలు, పైన ఎగిరే దేవతలు, అంతా కిక్కిరిసి. అంటే స్తూపం ఒకసారి కట్టి వదిలేసిన కట్టడం కాదు. జనం శతాబ్దాల తరబడి విప్పుతూ, తిప్పుతూ, పెంచుతూ వచ్చినది.

ఆ జనం ఎవరో రాళ్ల మీదే ఉంది. గృహస్థులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాల వర్తకులు. విధికుడు అనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన ఫలకం ఇచ్చుకున్నాడు. తోలుపని చేసే ఒక కుటుంబం పేరు ఇన్ని వందల ఏళ్లు రాతి మీద నిలిచింది. నన్నడిగితే ఆ శిల్పాల్లో ఏ రాజు బొమ్మ కన్నా ఇదే గొప్ప విషయం.

ఇప్పుడు వలసపాలన సంగతి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1798 ప్రాంతంలో స్తూపాన్ని మొదటిసారి చూశాడు, 1816లో సర్వే సిబ్బందితో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఆయన వెనక కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి పండితులు లేకపోతే ఆయన సేకరణే లేదు. తర్వాత మచిలీపట్నంలో కొత్త పేట కట్టించిన రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని ఫలకాలు తీసుకెళ్లి అక్కడి దిబ్బకు అలంకారంగా పెట్టించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలావాటిని మద్రాసు పంపాడు. అవి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉండి, 1859లో లండను చేరాయి. 1867లో, భారతీయ కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ కంట పడేసరికి కొన్ని ఒక బండ్ల కొట్టంలో ఉన్నాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియం.

ఇప్పుడు శిల్పాల్లో పెద్ద భాగాలు చెన్నైలో, లండనులో, కొన్ని ఇతర చోట్ల ఉన్నాయి. స్తూపం ఉన్నచోట మట్టి దిబ్బ, కొన్ని రాళ్లు. ప్రదక్షిణ చేసేవాళ్ల కోసం వృత్తాకారంలో చెక్కినవాటిని గోడకు ఆనించి వరసగా నిలబెడితే ఏం పోతుందో ఆలోచించండి. నడుస్తూ చూడాల్సిన కథను మనం నిలబడి చూస్తున్నాం.

---

జిజ్ఞాస

సార్, నేను విద్యార్థిని. ఒక సందేహం. ఆ రాళ్లను ఊళ్లోవాళ్లు సున్నం కోసం కాల్చేవారని చదివాను. మెకంజీ, ఇలియట్ లాంటివాళ్లు తీసుకెళ్లకపోతే ఈపాటికి ఏమీ మిగిలేది కాదు కదా? అప్పుడు వాళ్లను తప్పు పట్టడం న్యాయమేనా?

---

శిలాక్షరం

జిజ్ఞాస గారూ, మీరు చదివింది నిజమే. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు రాజధానిని అక్కడికి మార్చుకున్నాక కొత్త కట్టడాలకు ఆ దిబ్బ రాయి వాడారు. దిబ్బ నడుమ చెరువు తవ్వారు. 1798కీ 1816కీ మధ్య చాలా పోయింది. దీన్ని దాచాల్సిన పని లేదు.

కానీ రెండో సగం కూడా చదవండి. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞ మీద దిబ్బను మొత్తం తవ్వి శుభ్రం చేయించారు. ఏ రాయి ఎక్కడ, ఎంత లోతులో ఉందో సరిగా నమోదు కాకుండానే మధ్యలో పెద్ద గొయ్యి మిగిలింది. మరుసటి ఏడు వచ్చిన పురావస్తు శాఖ అధికారి జేమ్స్ బర్జెస్ ఆ నష్టాన్ని చూసి బాధపడ్డాడు. స్తూపం ఏ దశలో ఎలా ఉండేదన్న ప్రశ్నకు నేటికీ పండితులు ఒక్క మాట మీద లేకపోవడానికి అదొక పెద్ద కారణం. సున్నం బట్టీలో పోయింది రాయి. సర్కారు తవ్వకంలో పోయింది ఆ రాళ్ల మధ్య సంబంధం. పురావస్తు శాస్త్రానికి రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు.

---

నీలిమందు

అద్దకం బట్టల మీద పనిచేసేదాన్ని. కళాచరిత్రలో బట్టకు ఎప్పుడూ వెనక బెంచీయే. చిత్రలేఖనం, శిల్పం అయ్యాక మిగిలిన చోట 'అలంకార కళలు' అని పెడతారు. ఈ చర్చలోనూ మొదలైంది నూనె రంగుల బొమ్మతోనే, అందుకే రాయాలనిపించింది.

కోరమాండల్ తీరపు కలంకారీ బట్ట చూస్తే స్థలం, పర్యావరణం, వలస వ్యాపారం ఒకే గుడ్డ మీద కనిపిస్తాయి. ఎరుపు చిరువేరుది. సముద్రపు గవ్వలు కలిసిన ఇసుక నేలల్లో పెరిగిన వేరు బాగా ఎరుపెక్కుతుంది, కృష్ణా డెల్టా వైపు వేరుకు పేరు అలా వచ్చింది. అంటే ఆ ఎరుపు సగం భూమి చేసిన పని. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. పాలలో వెన్న ఉంటుంది కాబట్టి కలంతో గీసిన గీత పక్కకు పాకదు. ఎర్రగా రావలసిన చోట పటిక నీళ్లతో గీస్తారు. అప్పటికి రంగు కనిపించదు. చిరువేరు కషాయంలో ఉడికించాకే ఎక్కడెక్కడ పటిక ఉందో అక్కడ ఎరుపు తేలుతుంది. నీలం కావలసిన చోట వదిలి మిగతాదంతా మైనంతో కప్పి నీలి తొట్టిలో ముంచుతారు. మధ్య మధ్యలో పారే నీళ్లలో జాడించడం, ఇసుక తిన్నెల మీద ఆరబెట్టి నీళ్లు చల్లుతూ మళ్లీ తెలుపు తేవడం. ఏరు, ఎండ, ఇసుక లేకుండా ఆ బట్ట లేదు.

డచ్చివాళ్లు మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదట్లోనే వ్యాపారకేంద్రం పెట్టారు. యూరప్ నుంచి నమూనాలు వచ్చేవి, తెల్ల నేల మీద పూలు కావాలని. పలంపోరుల (పక్క మీద పరిచే పెద్ద అద్దకపు దుప్పట్లు) మీద కనిపించే ఆ 'జీవవృక్షం' ఎవరిది? చైనా కొండరాళ్లు, పర్షియా పూలు, ఇంగ్లండు కుట్టుపని తీగలు, వేసింది మన తీరపు చేతులు. దాన్ని 'అచ్చమైన భారతీయ సంప్రదాయం' అన్నా తప్పే, 'యూరప్ అభిరుచి' అన్నా తప్పే.

అక్కడి జనం ఎంతగా ఎగబడ్డారంటే తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి మీద, 1721లో వాడకం మీదే చట్టాలు చేసింది. మరోవైపు గుట్టు తెలుసుకునే పని జరుగుతూనే ఉంది. 1742లో కూర్దూ అనే జెస్యూట్ పాదిరీ దక్షిణాది అద్దకగాళ్ల నుంచి వివరాలన్నీ రాబట్టి ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. ఆయనకు చెప్పిన అద్దకగాళ్ల పేర్లు చరిత్రకు అందలేదు. గుడ్డ ముక్కలు పారిస్, లండను మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయి.

---

వనజ_మేడమ్

నీలిమందు గారూ, మీ చిరువేరుకు తోడు ఒక ముచ్చట. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్నప్పుడు ఈ తీరపు మొక్కల బొమ్మలు వందల కొద్దీ వేయించాడు. 1795 నుంచి 1820 వరకు వాటిలో 300 బొమ్మలు లండనులో ముద్రించారు. మొదటి సంపుటిలోనే చిరువేరు మొక్క ఉంది. బొమ్మతో పాటు దాంతో అద్దకం ఎలా చేస్తారో వివరంగా రాశాడు. శాస్త్రం, వ్యాపారం ఒకే పేజీలో. ఆ బొమ్మలు వేసిన స్థానిక చిత్రకారుల పేర్లు పుస్తకంలో లేవు.

కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపే వేయించిన బొమ్మల సంగతి కొంచెం వేరు. ఆమె 1777 - 1782 మధ్య పక్షులు, జంతువుల బొమ్మలు మూడు వందలకు పైగా వేయించింది. పట్నా నుంచి వచ్చిన షేక్ జైనుద్దీన్, భవానీదాస్, రామదాస్ తమ పేర్లు పారసీ లిపిలో రాసుకున్నారు, అందుకే ఇవాళ వాళ్ల పేర్లు మనకు తెలుసు. మొగలు చిత్రశాలల్లో నేర్చిన చెయ్యి, ఇంగ్లండు వాట్‌మన్ కాగితం. జైనుద్దీన్ వేసిన పక్షి ఈక ఒక్కొక్కటి చూడండి, అది ఆజ్ఞ మీద చేసిన కూలిపనిలా ఉండదు.

మొక్కల మాట వచ్చింది కాబట్టి చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్. 1699లో దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినాం వెళ్లి, 1705లో పురుగులు, మొక్కల బొమ్మలతో పుస్తకం వేసింది. అందులో మనందరికీ తెలిసిన రత్నగంధి పువ్వు ఉంది. దాని పక్కన ఆమె ఏం రాసిందంటే, బానిస స్త్రీలు తమ బిడ్డలు కూడా బానిసలు కాకూడదని ఆ గింజలతో గర్భం పోగొట్టుకునేవారని. ఆ సంగతి తనకు వాళ్లే చెప్పారని కూడా రాసింది. తోటలో పెంచుకునే పువ్వు బొమ్మ అది. ఆ మాటలు చదివాక నేను దాన్ని పాత చూపుతో చూడలేకపోతున్నాను.

---

కుంచె

రత్నగంధి గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నాకు తెలిసిన వైపు నుంచి నేనూ ఒకటి కలుపుతాను, రంగు వైపు నుంచి. యూరప్ పాత చిత్రాల్లో కనిపించే ఆ లోతైన క్రిమ్సన్ ఎరుపులో చాలా భాగం కోషినీల్ పురుగుది. మెక్సికోలోని వహాకా ప్రాంతపు రైతులు నాగజెముడు మట్టల మీద ఆ పురుగును పెంచి, ఎండబెట్టి ఇచ్చేవారు. స్పెయిన్‌కు అక్కడి నుంచి వెళ్లే సరుకులో వెండి తర్వాత స్థానం దానిదే. యూరప్ వాళ్లలో చాలామందికి అది విత్తనమో పురుగో చాలాకాలం తెలియలేదు, స్పెయిన్ తెలియనివ్వలేదు. ఎరుపు కలిపే ప్రతి చిత్రకారుడూ తెలిసో తెలియకో ఆ రైతుల శ్రమను పలక మీద పెట్టుకున్నాడు. నేను ఇన్నాళ్లూ రంగును ట్యూబులోంచి వచ్చేదిగానే చూశాను.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే గురించి కూడా. 1899 - 1901 మధ్య లండను వెళ్లి థేమ్స్ వంతెనలు, పార్లమెంటు వేశాడు. ఆ ఊదా పసుపు మసక ఎలా కలపాలో మాకు గంటలు గంటలు నేర్పేవారు. 2023లో వచ్చిన ఒక అధ్యయనం ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్, మోనే బొమ్మల్లో మసక పెరగడం ఆ కాలపు బొగ్గు పొగ పెరుగుదలతో కలుస్తోందని లెక్క కట్టింది. మేము నేర్చుకున్న ఆ మెత్తదనంలో గంధకపు పొగ ఉంది. చూపులో బలహీనత వల్లనో శైలి వల్లనో అని కొట్టేయడానికి లేదు, ఆయన గాలిని చాలా నిజాయితీగా వేశాడనే నేనంటాను.

---

పాతపటం

కుంచె గారూ, మీ ఎరుపులాగే బెనిన్ లోహం. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ నగరాన్ని కొల్లగొట్టి వేల కొద్దీ ఇత్తడి ఫలకాలు, శిరస్సులు, ఏనుగు దంతాలు పట్టుకుపోయింది. వాటిని తిరిగి ఇవ్వాలన్న వాదన ఇప్పుడు అందరికీ తెలుసు. 2022 డిసెంబరులో జర్మనీ కొన్నింటిని నైజీరియాకు అప్పగించింది.

2023లో రసాయన పరీక్షలు చేసినవాళ్లు చెప్పిందేమిటంటే, ఆ ఇత్తడిలో చాలా భాగం 'మనీలా' అనే కడియాలను కరిగించినదని, ఆ కడియాల ఖనిజం జర్మనీ రైన్‌లాండ్‌దని. మనీలాలు బానిస వ్యాపారంలో డబ్బులా చెల్లినవి. జర్మనీ గనుల్లో తవ్విన ఖనిజం, పోర్చుగీసు ఓడల్లో వెళ్లి, మనుషుల వెలగా మారి, బెనిన్ పోతపనివాళ్ల చేతుల్లో రాజుల ముఖాలై, చివరికి బెర్లిన్ అద్దాల పెట్టెల్లోకి చేరింది. ఒక్క ఫలకంలో ఇంత ప్రయాణం ఉంది. ఆ పోతపనివాళ్లు ప్రపంచంలోనే గొప్పవాళ్లలో లెక్క. అది కూడా గట్టిగా చెప్పుకోవాలి.

---

జిజ్ఞాస

అందరికీ చాలా థాంక్స్. ఒక్క ప్రశ్న అడగాలనుంది. ఇప్పటిదాకా వచ్చిన ఉదాహరణల్లో స్థానికులు ఎక్కువగా పోగొట్టుకున్నవాళ్లే, లేదా పేరు లేనివాళ్లే. తమ నేల కోసం కళను వాళ్లే వాడుకున్న సందర్భాలు లేవా?

---

అన్వేషి

ఉన్నాయి జిజ్ఞాస గారూ, ఆస్ట్రేలియా నుంచి రెండు చెబుతాను.

1963లో ఆర్నెమ్ ల్యాండ్‌లోని యిర్కలా దగ్గర యోల్ంగు ప్రజల భూమిని వాళ్లను అడగకుండానే బాక్సైటు గనికి ఇచ్చేశారు. వాళ్లు పార్లమెంటుకు అర్జీ పంపారు. చెట్టు బెరడు పలక మధ్యలో టైపు చేసిన కాగితం, వాళ్ల భాషలోనూ ఇంగ్లీషులోనూ. చుట్టూ అంచున చేపలు, తాబేళ్లు, ఆ నేల మీద ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పే వంశ చిత్రాలు. పార్లమెంటు వాళ్లకు అంచు అలంకారంలా కనిపించి ఉండొచ్చు. యోల్ంగులకు అది దస్తావేజు. గని ఆగలేదు, 1971లో కోర్టులోనూ ఓడిపోయారు. కానీ ఆ పోరాటం వల్లే 1976లో ఉత్తర ప్రాంతానికి ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది.

రెండోది 1997. గ్రేట్ శాండీ ఎడారిలోని న్గురారా ప్రజలకు తమ భూమి మీద హక్కు రుజువు చేసుకోవాల్సి వచ్చినప్పుడు నలభై మందికి పైగా కలిసి ఎనిమిది మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవున్న ఒకే గుడ్డ మీద తమ దేశాన్ని వేశారు. ఎడారిలో ఎక్కడెక్కడ నీటి చెలమలున్నాయో, ఏది ఎవరి కుటుంబానిదో అన్నీ అందులో ఉన్నాయి. విచారణకు వచ్చినవాళ్ల ముందు ఆ గుడ్డను నేల మీద పరిచి, ఒక్కొక్కరూ తాము వేసిన చెలమ మీద నిలబడి తమ భాషలో సాక్ష్యం చెప్పారు. 2007లో వాళ్ల హక్కు ఖాయమైంది. బీర్‌స్టాట్ లోయ పక్కన ఈ న్గురారా గుడ్డను పెట్టి చూడండి. ఇందులో దిగంతరేఖే లేదు. ఎక్కడో నిలబడి దూరం నుంచి చూసే చూపు అసలు లేదు.

---

శిలాక్షరం

మన దగ్గరి నుంచి ఇంకొక జంట. 1876 - 78 మద్రాసు ప్రెసిడెన్సీ కరువులో విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోలు ఉన్నాయి. ఎముకల గూళ్లలా ఉన్న కుటుంబాలను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినవి. వాళ్ల పేర్లు లేవు. అదే కాలంలో రేవుల నుంచి ధాన్యం ఎగుమతి సాగుతూనే ఉంది. అది ఫొటో అంచుకు బయట ఉంది.

1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో కాలినడకన తిరుగుతూ సిరాతో బొమ్మలు వేశాడు. చాలా బొమ్మల కింద ఆ మనిషి పేరు, ఊరు రాశాడు. భూమి ఎలా పోయిందో, బియ్యం ఎవరు దాచారో పక్కన రాశాడు. ఆ బొమ్మలతో వేసిన 'హంగ్రీ బెంగాల్' పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసి నాశనం చేసింది. ఒక ప్రతి ఆయన కుటుంబం దగ్గర మిగిలింది. హూపర్ ఫొటోలను ఎవరూ జప్తు చెయ్యలేదు.

---

జిజ్ఞాస

సార్, మేడమ్, నా ప్రాజెక్టుకు ఈ పద్ధతిలో ఒక్క వస్తువు మీద రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

నీలిమందు

ముందు చదవడం మొదలుపెట్టకండి, చూడటం మొదలుపెట్టండి. కలంకారీ ఎంచుకుంటే మ్యూజియం వెబ్‌సైటులో వెనకవైపు ఫొటో ఉందేమో వెతకండి. కలంతో గీసినదా, అచ్చుతో కొట్టినదా అక్కడ తేలుతుంది. కుట్టు అంచులు, కంపెనీ ముద్రలు, మరకలు అన్నీ రాసుకోండి. తర్వాతే రంగు ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి, గుడ్డ ఎవరు నేశారు, ఎవరు కొన్నారు.

---

కుంచె

నాదీ అదే మాట, ఇంకొకటి కలుపుతాను. చూస్తూ గీయండి. ఎంత వంకరగా వచ్చినా ఫర్వాలేదు. పోస్ట్ బొమ్మ నిన్న నేను పెన్సిలుతో నకలు తీశాను. ఆకాశం పది నిమిషాల్లో అయిపోయింది. ఒడ్డున నిలబడ్డవాళ్ల దగ్గరే ఆలస్యమైంది. బుట్ట బరువు మెడ మీద ఎలా పడుతుందో చూడకుండా ఆ మనిషిని గీయలేం. పోస్ట్ కూడా చూసే ఉంటాడు.